పేరు పక్కన ఉండాల్సిన వివరం

ధవళేశ్వరంలో కాటన్ అంటే ఒక్కరే. బ్యారేజీది ఆయన పేరే, మ్యూజియానిదీ ఆయన పేరే, ఏటా మే 15న పూలదండ పడేదీ ఆయన విగ్రహానికే. 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేయించిన ఆర్థర్ థామస్ కాటన్‌ను గోదావరి జిల్లాల్లో ఎవరికీ పరిచయం చెయ్యక్కర్లేదు; కాటన్ దొర అంటే చాలు. ఊరి పొలిమేర దాటితే మాత్రం ఈ సుఖం ఉండదు. 1904లో బొంబాయిలో జరిగిన కాంగ్రెస్ మహాసభకు కాటన్ అనే ఇంగ్లీషాయన అధ్యక్షత వహించాడని చదివిన విద్యార్థి, ఆనకట్ట కట్టిన దొరే కాంగ్రెస్‌కూ అధ్యక్షుడయ్యాడని అనుకుంటే ఆ పిల్లవాణ్ణి తప్పు పట్టలేం. ఇద్దరికీ సర్ బిరుదు ఉంది. ఇద్దరూ తమ ప్రభుత్వాన్నే విమర్శించి ఇక్కడి జనం పక్షాన మాట్లాడినవాళ్ళు. పైగా ఆ రెండో ఆయన, హెన్రీ జాన్ స్టెడ్‌మన్ కాటన్, పుట్టింది కుంభకోణంలో. ఆర్థర్ కాటన్ గోదావరికి రాకముందు కొల్లిడం మీద ఆనకట్టలు కట్టింది ఆ కావేరి డెల్టాలోనే. గుట్టు విప్పేది తేదీలు. ఆర్థర్ కాటన్ 1899లోనే కన్నుమూశారు. హెన్రీ కాటన్ ఇంజనీరు కాదు. అస్సాం చీఫ్ కమిషనర్‌గా చేసిన సివిల్ సర్వీసు అధికారి, 1906లో బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికైన రాజకీయవేత్త. అంతెందుకు, ఆర్థర్ కాటన్ సొంత తమ్ముడు ఫ్రెడరిక్ కానియర్స్ కాటన్ కూడా మద్రాసు ఇంజనీర్ల దళంలోనే పనిచేసి జనరల్ హోదాకు చేరారు. పాత కాగితంలో ‘కెప్టెన్ కాటన్’ అని మాత్రమే ఉంటే, ఏ సంవత్సరం, ఏ జిల్లా అన్నది చూడకుండా అది అన్నగారో తమ్ముడుగారో తేల్చడం ఎవరి తరమూ కాదు.

అమెరికా వెళ్ళినా ఈ ఇంటిపేరు వెంటపడుతుంది. అక్కడి జాతీయ చట్టసభ అయిన కాంగ్రెస్‌లో ఐయోవా నుంచి 1871–75 మధ్య ప్రతినిధుల సభలో కూర్చున్న ఐలెట్ కాటన్ ఉన్నారు. న్యూహాంప్‌షైర్ నుంచి రెండు దశాబ్దాలు సెనేటర్‌గా ఉన్న నారిస్ కాటన్ ఉన్నారు. 2015 నుంచి ఆర్కాన్సా సెనేటర్ అయిన టామ్ కాటన్ ఇప్పుడు వార్తల్లో ఉన్నారు. ఇంటిపేరు కలిసినంత మాత్రాన వీళ్ళను ఒకరి వారసులుగా ఇంకొకరిని చెప్పడానికి వీల్లేదు. ఒక తమాషా కూడా ఉంది. నారిస్ పుట్టింది మే 11న, టామ్ మే 13న, మన ఆర్థర్ మే 15న. తేదీ, నెల రాసి సంవత్సరం వదిలేసే అలవాటున్నవాళ్ళు గమనించాల్సిన సంగతి. ముగ్గురూ పుట్టిన సంవత్సరాలు అదే వరసలో 1900, 1977, 1803.

ఇంతమంది కాటన్‌లను ఒకచోట చేర్చి కూడా కలగాపులగం కాకుండా చూసే పుస్తకం ఒకటి అమెరికాలో ఉంది. 1774 నాటి తొలి సభల నుంచి నేటిదాకా అక్కడి జాతీయ చట్టసభలో కూర్చున్న ప్రతి ఒక్కరి జీవిత వివరాల నిఘంటువు అది. 1859లో చార్లెస్ లాన్‌మన్ అనే ఆయన వేసిన పుస్తకంతో ఈ సంప్రదాయం మొదలైంది. అందులో ఒక్కో పద్దు రాసే తీరు చూడండి. ముందు ఇంటిపేరు పెద్దక్షరాల్లో, తర్వాత సొంత పేరు పూర్తిగా. ఆ వెంటనే, చట్టసభలో కూర్చున్న చుట్టాలుంటే, ఎవరి కొడుకు, ఎవరి మనవడు అన్నది కుండలీకరణాల్లో. ఆపైన ఏ రాష్ట్రం తరఫున ఏ సభలో ఉన్నాడు, ఏ ఊళ్ళో ఏ రోజున పుట్టాడు, ఎక్కడ చదివాడు, ఏ పని చేశాడు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పదవిలో ఉన్నాడు, ఎక్కడ పోయాడు, ఎక్కడ పూడ్చారు. పొగడ్త ఉండదు, తిట్టూ ఉండదు. ఇప్పటి ఎలక్ట్రానిక్ ప్రతిలో ఇంటిపేరు మొదటి అక్షరానికి ఆరంకెలు చేర్చి ఒక్కొక్కరికీ ఒక గుర్తు కూడా ఇచ్చారు. వేలమంది రాజకీయ నాయకుల మధ్య ఎవరి పుణ్యం వారికి, ఎవరి పాపం వారికి చేరుతున్నది ఈ పొడిపొడి రాత వల్లే.

వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో ఈ గొడవంతా ఎందుకంటే, ఈ రంగంలో వచ్చే రచనలన్నీ ‘పేరు తెచ్చుకోండి’ అంటాయి. తెచ్చుకున్న పేరు తన దగ్గరికే చేరేలా ఏం చెయ్యాలో చెప్పవు. పేరు పిలవడానికి పనికొస్తుంది, మనిషిని పోల్చుకోవడానికి చాలదు. పోల్చుకోవాలంటే దాని పక్కన కాలం, స్థలం, పని అనే మూడూ ఉండాలి. మన దగ్గర తండ్రి పేరు నాలుగోది. ఈ నాలుగూ పేరుకు కట్టి ఉంచే పని లోకం తనంతట తాను చెయ్యదు, మనమే చేసుకోవాలి. ఈ అధ్యాయంలో నా వాదన ఇంతే. ఇది అమెరికా రాజకీయ నాయకుల కంటే మనకే ఎక్కువ అవసరమని గోదావరి జిల్లాల చరిత్రే రుజువు చేస్తుంది.

సుబ్బారావు అనే పేరు తీసుకోండి. 1856లో పుట్టిన ఒక సుబ్బారావు మద్రాసులో చదువుకున్నారు, ప్లీడరు అయ్యారు, ఇంగ్లీషు చదువుల తొలి తరంలో పేరుపొందారు. ఎవరాయన? న్యాపతి సుబ్బారావు పంతులు అని రాజమండ్రివాళ్ళు ఠక్కున చెబుతారు. 1878లో మద్రాసులో ‘ది హిందూ’ పత్రికను మొదలుపెట్టిన ఆరుగురిలో ఒకరు, రాజమండ్రిలో వకీలుగా స్థిరపడి మద్రాసు శాసనమండలిదాకా వెళ్ళిన నాయకుడు. జవాబు సరైనదే. కాకినాడకు చెందిన తల్లాప్రగడ సుబ్బారావు అన్నా సరైనదే. ఆయనా 1856లోనే పుట్టారు, ఆయనా మద్రాసులో వకీలే, దివ్యజ్ఞాన సమాజంలో మహా పండితుడిగా పేరుపొంది 1890లో చిన్న వయసులోనే పోయారు. పుట్టిన సంవత్సరం, వృత్తి, చదివిన నగరం మూడూ కలిసిపోయాయి. విడదీసేది ఇంటిపేరు, ఆ తర్వాత చేసిన పని. ఇంకో జత ఉంది. 1895లో పశ్చిమ గోదావరి నేల మీద ఇద్దరు సుబ్బారావులు పుట్టారు. ఒకరు ఏలూరు దగ్గర వసంతవాడలో పుట్టి ఎంకి పాటలు రాసిన నండూరి సుబ్బారావు. మరొకరు భీమవరంలో పుట్టి, అమెరికాలో మందుల పరిశోధనతో లక్షల ప్రాణాలు నిలిపిన యల్లాప్రగడ సుబ్బారావు. ఒకే ఏడు, ఒకే జిల్లా, ఒకే పేరు. తర్వాతి తరంలో రాజమండ్రిలో 1902లో కోకా సుబ్బారావు పుట్టారు. భారత ప్రధాన న్యాయమూర్తిగా 1967లో గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చి, ఆ ఏడే పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికలో ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలబడ్డారు. 1949లో ఏలూరులో దువ్వూరి సుబ్బారావు పుట్టారు. 2008 నుంచి 2013 దాకా రిజర్వ్ బ్యాంక్ గవర్నర్. ఒక నది ఒడ్డున ఇంతమంది సుబ్బారావులు దేశానికి పనికొచ్చారంటే గర్వపడాల్సిందే. అయితే ‘మన సుబ్బారావు’ అని సభలో ఎవరైనా అన్నప్పుడు ఏ సుబ్బారావని అడిగేవాళ్ళే అందులో తెలివైనవాళ్ళు.

ఇందులో మన ఇంటిపేరు చేసే మేలు స్పష్టంగానే కనిపిస్తోంది. దాన్ని మనమే ఒక్క పొడి అక్షరంగా కుదించేసి ఆ మేలును పోగొట్టుకుంటున్నాం. ఎన్. సుబ్బారావు అని రాస్తే అది న్యాపతి కావచ్చు, నండూరి కావచ్చు, కవి నాయని సుబ్బారావు కూడా కావచ్చు. ముగ్గురూ తెలుగు చరిత్రలో చోటున్నవాళ్ళే. ఒకరి కవిత్వం మరొకరి ఖాతాలో పడటానికి ఆ ఒక్క అక్షరం చాలు. యల్లాప్రగడవారి విషయంలో ఇంకో విచిత్రం జరిగింది. మన పద్ధతిలో ముందు ఉండే ఇంటిపేరును అమెరికావాళ్ళు సొంత పేరనుకుంటారు, చివర ఉన్నదాన్ని ఇంటిపేరు అనుకుంటారు. దాంతో 1925లో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ‘ఫిస్కే–సుబ్బారో’ పద్ధతిగా ప్రపంచమంతా స్థిరపడింది. ఆయన ఒక్కరే కనక అక్కడ చెల్లింది. ఇవాళ అమెరికాలో చదువుకు, ఉద్యోగానికి వెళ్ళే వేలమంది తెలుగు పిల్లల్లో చివరి పేరు రెడ్డి అనో, రావు అనో, కుమార్ అనో ఉన్నవాళ్ళను చూడండి. అసలు ఇంటిపేరు మధ్యలో పొడి అక్షరంగా మిగిలి, అందరూ ఒకే వరుసలో నిలబడతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రుల్లో పేరు చివర రెడ్డి ఉన్నవాళ్ళు నీలం సంజీవరెడ్డి, కాసు బ్రహ్మానందరెడ్డి, మర్రి చెన్నారెడ్డి మొదలుకొని నల్లారి కిరణ్‌కుమార్‌రెడ్డి దాకా అరడజను పైచిలుకే. మనకు వాళ్ళెవరో ఇంటిపేరుతో తెలుస్తుంది. బయటివాళ్ళ అకారాది సూచికలో అందరూ ఒకే కుటుంబంలా కనిపిస్తారు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా చిక్కు. పెళ్ళికి ముందు ఒక ఇంటిపేరు మీద చదువు, తర్వాత ఇంకో ఇంటిపేరు మీద ఉద్యోగం. రెంటికీ మధ్య ఏ వాక్యమూ లేకపోతే ఒకే మనిషి ఇద్దరిగా చీలిపోతుంది. 2023 జనవరిలో అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ అయిన అరుణా మిల్లర్ హైదరాబాద్‌లో పుట్టినావిడ, పుట్టింటి పేరు కాట్రగడ్డ. ఆ మూడు ముక్కలూ కలిపి రాసినచోట తెలుగువాళ్ళు వెంటనే పోల్చుకుంటారు. వట్టి మిల్లర్ అని రాస్తే పోల్చుకోవడానికి ఆధారమే లేదు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలా వద్దా అన్నది ఎవరిష్టం వారిది. మార్చుకున్నవాళ్ళు మాత్రం తమ వివరాల్లో పుట్టింటి పేరును చెరిపెయ్యకుండా ఒకచోటైనా ఉంచుకోవాలి.

ఇక రాజకీయాల్లో పేరు కలిస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి ధవళేశ్వరం నుంచి దూరం పోనక్కర్లేదు. 2014 ఎన్నికల్లో రాజమండ్రి లోక్‌సభ స్థానం నుంచి తెలుగుదేశం అభ్యర్థిగా మాగంటి మురళీమోహన్ గెలిచారు. పక్కనే ఏలూరు నుంచి అదే పార్టీ తరఫున మాగంటి వెంకటేశ్వరరావు గెలిచారు. ఆయన్ని అందరూ పిలిచేది మాగంటి బాబు అని. సినిమాల్లోకి రాకముందు మురళీమోహన్ అసలు పేరు మాగంటి రాజబాబు. అదే ఏడు అదే పార్టీ నుంచి హైదరాబాద్ జూబ్లీహిల్స్ ఎమ్మెల్యేగా గెలిచినవారు మాగంటి గోపీనాథ్. ఆ అయిదేళ్ళు ‘మాగంటి ఎంపీ’ అనే మాటకు పక్కపక్క నియోజకవర్గాల్లో ఇద్దరు హక్కుదారులు. ఒకరు ఇచ్చిన హామీకి ఇంకొకరిని నిలదీసే అవకాశం ఆ మాటలోనే ఉంది. నియోజకవర్గం పేరు చేరిస్తే చిక్కు తీరిపోతుంది.

ఇక్కడ పోలిక యాదృచ్ఛికం. దాన్ని ఆయుధంగా వాడుకున్న కథలూ ఉన్నాయి. 2004లో కేరళలోని ఆలప్పుళలో వి.ఎం. సుధీరన్ 1,009 ఓట్ల తేడాతో ఓడిపోయారు, వి.ఎస్. సుధీరన్ అనే స్వతంత్ర అభ్యర్థికి పడిన ఓట్లు 8,282. పదేళ్ళ తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని మహాసముంద్‌లో చందూలాల్ సాహు అనే అభ్యర్థి, తన పేరే లేదా దాదాపు తన పేరే ఉన్న స్వతంత్రుల గుంపు మధ్య నిలబడి 1,217 ఓట్లతో బయటపడ్డారు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఇది ఇంకా వింత పోకడ పోయింది. అక్కడ బాబ్ కేసీ అనే నాయకుడికి మంచి పేరు ఉండేది. 1976లో పెద్దగా ప్రచారం కూడా చెయ్యని మరో కేసీ రాష్ట్ర కోశాధికారిగా గెలిచాడు. 1978లో ఐస్‌క్రీం వ్యాపారం చేసుకునే ఉపాధ్యాయుడు, ఆయనా కేసీయే, లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి పార్టీ టికెట్ గెలుచుకున్నాడు. అదే ఏడు అసలు కేసీ గవర్నర్ టికెట్ పోరులో ఓడిపోయాడు. చివరికి 1986లో ‘అసలు బాబ్ కేసీని నేనే’ అని చెప్పుకుని గవర్నర్ అయ్యాడు. జీవితమంతా సంపాదించిన మంచిపేరును ఇతరులు రెండుసార్లు వాడుకుపోయాక, ఆ మనిషి చేసిన పని తన పేరుకు ఒక విశేషణం తగిలించుకోవడం.

మన ఎన్నికల చట్టం దీన్ని ముందే ఊహించింది. ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది అభ్యర్థులకు ఒకే పేరు ఉంటే వృత్తినో, నివాసాన్నో, మరో గుర్తునో చేర్చి తేడా చూపాలని 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలు చెబుతున్నాయి. అదీ చాలక 2015 మే 1 తర్వాత జరిగే ఎన్నికల్లో ఓటింగ్ యంత్రం మీద అభ్యర్థి ఫోటో ఉండాలని ఎన్నికల సంఘం ఆదేశించింది. పేరు పోలిక ఉన్నవాళ్ళను అసలు పోటీకే రానివ్వకూడదన్న పిటిషన్‌ను 2024 మేలో సుప్రీంకోర్టు స్వీకరించలేదు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వల్ల మనిషి హక్కు పోదు గదా. కాబట్టి లోకంలో మీ పేరున్న ఇంకొకరిని ఎవరూ ఆపలేరు, ఆపకూడదు కూడా. వృత్తి, నివాసం, ముఖం అంటూ ప్రభుత్వం చేర్చేవాటిని మీరు మీకు మీరే చేర్చుకోవడం ఒక్కటే దారి.

ఆధార్ నంబరు వచ్చాక ఇదంతా దేనికి, పన్నెండంకెలు చాలవా అని అడగవచ్చు. గట్టి ప్రశ్నే. ఇద్దరికి ఒకే నంబరు ఉండదు. కానీ ఆ నంబరు పనిచేసేది యంత్రం ముందు. మీ గురించి పెళ్ళివారు వాకబు చేసినప్పుడు, ఉద్యోగం ఇచ్చేవారు పాత కంపెనీలో అడిగినప్పుడు, పత్రికలో ఒక కేసు వార్త వచ్చినప్పుడు నోళ్ళలో తిరిగేది నంబరు కాదు, పేరు. ఇంకో సంగతి, నంబరు కూడా పేరు కలిస్తేనే కదులుతుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో కె.వి.వి. సత్యనారాయణ, ఆధార్‌లో వీర వెంకట సత్యనారాయణ, బ్యాంకులో సత్యనారాయణ కె అని ఉన్న మనిషికి పీఎఫ్ డబ్బు తీసుకునే రోజున ఎన్ని నంబర్లున్నా కౌంటర్ దగ్గర పడే పాట్లు అందరికీ తెలిసినవే. అన్నవరం సత్యదేవుడి దయవల్ల మన గోదావరి జిల్లాల్లో వీధికొక సత్యనారాయణ దొరుకుతాడు కాబట్టి ఆ గుమస్తా అనుమానాన్నీ పూర్తిగా కొట్టిపారెయ్యలేం. పాన్ కార్డు దరఖాస్తులో ఇంటిపేరు, సొంత పేరు పొడి అక్షరాల్లో ఒప్పుకోకపోవడం, కార్డు మీద తండ్రి పేరు, పుట్టిన తేదీ అచ్చువెయ్యడం చాదస్తం కాదు. నంబరు ఇచ్చే శాఖే నంబరును మాత్రమే నమ్ముకోలేదని అర్థం.

మంచి పని చేస్తే పేరు దానంతట అదే వస్తుంది, ఈ రాతకోతలు ఆత్మస్తుతి కాదా అన్నది రెండో అభ్యంతరం. వినడానికి ఇది పెద్దమనిషి తరహాలో ఉంటుంది, అందుకే ప్రమాదం. మళ్ళీ మన ఆనకట్టకే రండి. కోనసీమకు నీళ్ళిచ్చిన పాత గన్నవరం అక్విడక్టు నలభై తొమ్మిది కమానుల మీద నిలిచింది. దాన్ని కట్టించినవాడు హేగ్ అనే యువ ఇంజనీరు. బెజవాడ దగ్గర కృష్ణ మీద 1852–55 మధ్య ఆనకట్టను దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఛార్లెస్ ఓర్. ధవళేశ్వరంలో కూలీలను సమీకరించి పని నడిపించిన మన మనిషి వీణెం వీరన్న, రాయ్ బహద్దూర్ బిరుదు పొందినవాడు. ఈ ముగ్గురి పని ఫలితం ఇవాళ్టికీ కంటికి కనిపిస్తూనే ఉంది. దారిన పోయేవాళ్ళను అడిగితే అన్నీ కాటన్ దొర కట్టినవే అంటారు. కాటన్ చేసిన తప్పేమీ లేదు, ఆ పనులకు ప్రేరణ ఆయనదే. పని నిలుస్తుంది, నిజమే. చేసినవాడి పేరు మాత్రం పక్కనున్న పెద్ద పేరులో కలిసిపోతుంది. కాటన్‌కే చూడండి, చనిపోయిన మరుసటి ఏడు, 1900లో, ఆయన కుమార్తె లేడీ హోప్ తండ్రి జీవితచరిత్రను పుస్తకంగా తెచ్చారు. ఏది ఎప్పుడు చేశారో అందులో తేదీలతో సహా ఉంది. అందరికీ అలాంటి కూతురు ఉండదు. ‘నేను గొప్పవాణ్ణి’ అని రాసుకుంటే ఆత్మస్తుతి. ‘ఫలానా ఏడు, ఫలానా చోట, ఫలానా పని చేశాను’ అని రాసుకుంటే అది లెక్క. అమెరికా నిఘంటువులో పొగడ్త లేకుండానే వేలమంది నిలిచి ఉన్నారని ఇంతకుముందే చూశాం.

ఇంటిపేరే ఆస్తి కదా, తాతల పేరు చెప్పుకుంటే తలుపులు తెరుచుకుంటాయి, దాన్ని వదులుకోవడం ఎందుకు అనేవాళ్ళూ ఉంటారు. వదులుకోమని ఎవరన్నారు? చుట్టరికం చెప్పండి, అమెరికా పద్దులో లాగా కుండలీకరణాల్లో చెప్పండి, ఆ తర్వాత వాక్యం మీ గురించే ఉండాలి. చుట్టరికం లేనిచోట ఉన్నట్టు ధ్వనించనివ్వడం మాత్రం అప్పు. అమెరికా అధ్యక్షుల్లో ఇద్దరు జాన్సన్‌లు ఉన్నారు, ఒకరు 1808లో పుట్టారు, ఇంకొకరు సరిగ్గా నూరేళ్ళకు 1908లో. ఇద్దరూ ఉపాధ్యక్షులుగా ఉండి, అధ్యక్షుడు హత్యకు గురైతే ఆ కుర్చీ ఎక్కినవాళ్ళే. చుట్టరికం ఏమీ లేదు. మొదటి జాన్సన్ మీద అభిశంసన నడిచిందని రెండో జాన్సన్ ఎక్కడా సిగ్గుపడాల్సిన పని లేదు. ఇంటిపేరు నీడలో కీర్తి తీసుకోవడానికి సిద్ధపడినవాడు అపకీర్తికీ సిద్ధపడాలి. అదీ అదే దారిన వస్తుంది.

ఈ క్రమశిక్షణ మనకోసమే కాదు, ఎదుటివాడి కోసం కూడా. ఫలానా పేరుగల వ్యక్తి మీద కేసు అన్న వార్త ఫోన్‌లో వచ్చిన నిమిషంలోనే ఆ పేరున్న మనకు తెలిసిన మనిషి ముఖం కళ్ళముందు ఆడుతుంది. ముందుకు పంపేలోపు మూడే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఏ ఊరు? వయసు ఎంత? ఏం పనిచేసేవాడు? వార్తలో ఈ మూడూ లేకపోతే ఆ వార్త ఇంకా మనిషిని చేరలేదు, పేరు దగ్గరే ఆగిపోయింది. అంతవరకూ మీరూ అక్కడే ఆగాలి. మెచ్చుకోలుకూ ఇదే లెక్క. నండూరివారి పాటను నాయనివారిదని పొగిడితే ఇద్దరికీ అన్యాయమే.

ఇక చెయ్యాల్సిన పని. మీ పేరుకు ఒకే రూపం నిర్ణయించుకోండి. ఇంటిపేరు పూర్తిగా, సొంత పేరు పూర్తిగా. మధ్యలో వెంకట, వీర వంటివి ఉంటే ఉంచాలో వద్దో ఒక్కసారి తేల్చుకుని మళ్ళీ మార్చకండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏది రాశారో విమానం టికెట్టులో, వీసాలో, విశ్వవిద్యాలయం దరఖాస్తులో అదే ఉండాలి. ఇంగ్లీషు అక్షరాల వరసను కూడా స్థిరపరచుకోండి. రావు అన్న మాటనే తల్లాప్రగడవారు ఒకలా, న్యాపతివారు ఇంకోలా ఇంగ్లీషులో రాశారు. వాళ్ళ కాలంలో వెతికేది మనుషులు కాబట్టి సరిపోయింది, ఇప్పుడు వెతికేది కంప్యూటరు. ఊరి పేరు రాసేటప్పుడు సంవత్సరం కూడా చేర్చండి. ధవళేశ్వరం మునుపు తూర్పు గోదావరిలోదే, ఇప్పుడూ తూర్పు గోదావరిలోదే, కానీ రెండూ ఒకటి కావు. పాత జిల్లాకు కాకినాడ కేంద్రం. 2022 ఏప్రిల్ 4 నుంచి ఉన్న కొత్త జిల్లాకు రాజమహేంద్రవరం కేంద్రం. అమలాపురంలో పుట్టినవాళ్ళ పాత సర్టిఫికెట్‌లో తూర్పు గోదావరి అనీ, కొత్త కాగితంలో కోనసీమ అనీ ఉంటుంది. ఏడాది రాసి ఉంటే ఎవరికీ అనుమానం రాదు. చివరగా, మీ గురించి అయిదారు వాక్యాల పద్దు ఒకటి రాసి పెట్టుకోండి. పుట్టిన ఊరు, తేదీ, తల్లిదండ్రులు, చదువు, చేసిన పనులు తేదీలతో. విశేషణం ఒక్కటి కూడా వద్దు. ఎవరు అడిగినా అదే ఇవ్వండి. మీ పరిచయాన్ని సభలో చదివేవాళ్ళకు, సంచికలో వేసేవాళ్ళకు, ఉద్యోగానికి పిలిచేవాళ్ళకు అందరికీ అదే.

ఈ పని మొదలుపెట్టడానికి తగిన చోటు పదో తరగతి. మన దగ్గర తర్వాతి కాగితాలన్నీ ఆ సర్టిఫికెట్‌నే చూసి తయారవుతాయి. ఒకసారి అచ్చయ్యాక ఒక్క అక్షరం దిద్దించాలన్నా బడి నుంచి ప్రభుత్వ పరీక్షల విభాగం దాకా తిరగాలి. మీ ఇంట్లో ఈ ఏడు పదో తరగతి చదివే పిల్లలుంటే, బడిలో నామినల్ రోల్ (పరీక్షకు పంపే విద్యార్థుల జాబితా) మీద సంతకం పెట్టే రోజున పది నిమిషాలు కేటాయించి ఇంటిపేరు, సొంత పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం ఆధార్‌తో పోల్చి చదవండి. తేడా ఉంటే సంతకం పెట్టకండి, ముందు దిద్దించండి.